వీసా దరఖాస్తులో పెద్దబిడ్డ పేరు

అమెరికాలోనో కెనడాలోనో స్థిరపడిన కుమార్తె ఫోను చేసి, "అమ్మా, నాన్నా, ఇక మీరిద్దరూ ఇక్కడికి వచ్చేయండి, కాగితాలు పెడుతున్నాను" అంటుంది. ఇలాంటి పిలుపు అందుకునే కుటుంబాలు నేడు మన పల్లెల్లో కూడా ఉన్నాయి. సంతోషించదగిన మాటే. కాని కొన్ని ఇళ్లలో ఆ సంతోషం వెంటనే ఒక ప్రశ్న తలెత్తుతుంది. "మరి తమ్ముడి సంగతేమిటి?"

ఆ తమ్ముడు ముప్పై ఏళ్లవాడు కావచ్చు. బుద్ధి వికాసం తక్కువై, అన్నం తినిపించే చెయ్యి, స్నానం చేయించే చెయ్యి తల్లిదే అయి ఉండవచ్చు. లేదా వికలాంగురాలైన అక్క కావచ్చు. మన దృష్టిలో వయసెంత వచ్చినా బిడ్డ బిడ్డే. చట్టం దృష్టిలో అలా కాదు. "బిడ్డ" అనే మాటకు ఒక్కొక్క దేశం ఒక్కొక్క హద్దు పెట్టుకున్నది. ఆ హద్దు తెలియక దరఖాస్తు పెట్టిన కుటుంబాలు తరువాత చాలా బాధపడతాయి. కాబట్టి ఈ సంగతి అందరూ తెలుసుకోవడం మంచిది.

కెనడా చట్టం ఏమంటుంది?

కెనడాలో పెళ్లి కాని, 22 ఏళ్లు నిండని బిడ్డను ఆధారపడిన బిడ్డగా లెక్కిస్తారు. 2014 ఆగస్టులో ఈ హద్దును 19 ఏళ్లకు తగ్గించారు. 2017 అక్టోబరు 24 నుండి మళ్లీ 22కు పెంచారు. సాధారణంగా దరఖాస్తు పూర్తిగా అందిన నాటి వయసునే చూస్తారు గనుక, తరువాత పరిశీలనలో ఏళ్లు గడిచినా ఆ వయసు మారదు.

22 దాటినవారికి కూడా ఒక తలుపు తెరిచి ఉంచారు. శరీర స్థితి వలన గాని, మానసిక స్థితి వలన గాని తన్ను తాను పోషించుకోలేని బిడ్డ, 22 ఏళ్లు రాకముందు నుండే తల్లిదండ్రుల పోషణలో ఉంటే, ఎంత వయసైనా ఆధారపడిన బిడ్డే. అంటే కుమార్తె స్పాన్సర్ చేసే తల్లిదండ్రుల దరఖాస్తులో అలాంటి తమ్ముణ్ణి చేర్చవచ్చు. అయితే ఉద్యోగం దొరకలేదనో, ఇంకా చదువుకుంటున్నాడనో చెబితే ఈ మినహాయింపు వర్తించదు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. తల్లిదండ్రులతో పాటు వచ్చే బిడ్డకు వైద్య పరీక్ష ఉంటుంది. అతని వలన అక్కడి ప్రభుత్వ వైద్య సేవలపై, సాంఘిక సేవలపై మితిమీరిన ఖర్చు పడుతుందని తేలితే, తల్లిదండ్రుల దరఖాస్తు కూడా తిరస్కరించే అవకాశం ఉన్నది. 2018లో ఈ నిబంధనను చాలావరకు సడలించారు. ప్రత్యేక విద్య వంటి ఖర్చులను లెక్కలో నుండి తీసివేశారు. అయినా పరీక్ష మాత్రం పూర్తిగా పోలేదు.

ఈ భయంతోనే కొందరు "వాడి పేరు రాయకండి, మీరు వెళ్లాక తీసుకుపోవచ్చు" అని సలహా ఇస్తారు. తల్లిదండ్రులారా, ఆ మాట వినవద్దు. వెంట వచ్చినా రాకపోయినా బిడ్డలందరి పేర్లూ రాయవలసిందే. పేరు రాయక, పరీక్షకు చూపక వదిలేసిన బిడ్డను తరువాత కుటుంబ సభ్యునిగా స్పాన్సర్ చేయడానికి మామూలు చట్టం ఒప్పుకోదు. పైగా అబద్ధం చెప్పినట్లు తేలితే ఐదేళ్లపాటు ఆ దేశంలో ప్రవేశం ఉండదు. రేపు తీసుకుపోవాలనుకున్న బిడ్డకు మనమే ఈ రోజు తలుపు మూసినట్లవుతుంది.

అమెరికా దారి వేరు

అమెరికాలో బిడ్డ అంటే పెళ్లి కాని, 21 ఏళ్లు నిండనివారు. వైకల్యం ఉన్నదని ఈ వయసు హద్దును సడలించరు. అంతేకాదు, పౌరురాలైన కుమార్తె తల్లికీ తండ్రికీ వేర్వేరుగా పిటిషన్ వేస్తే, వారి వెంట ఏ బిడ్డనూ చేర్చడానికి వీలులేదు. పసివాడైనా చేర్చలేరు.

అలాగైతే తమ్ముడికి దారి ఏది? రెండు ఉన్నాయి. మొదటిది, పౌరురాలైన అక్క తమ్ముడి కోసం వేరే పిటిషన్ వేయడం. ఈ వరుసలో భారతీయులు 15 ఏళ్లకు మించి వేచి ఉండవలసి వస్తున్నది. రెండవది, తల్లిదండ్రులు వెళ్లి గ్రీన్ కార్డు పొందిన తరువాత, పెళ్లి కాని కుమారుని కోసం తామే పిటిషన్ వేయడం. దీనికీ ఏళ్లు పడుతుంది. తల్లిదండ్రులు అక్కడి పౌరులు కాకముందే ఆ కుమారుడు పెళ్లి చేసుకుంటే పిటిషన్ రద్దవుతుంది. కాబట్టి ఎదురుచూపు కాలంలో అతణ్ణి ఎవరు చూసుకుంటారన్నది ముందే ఆలోచించాలి.

అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిటిషన్ మీద వెళ్లే కుటుంబాలకు వచ్చే కష్టం వేరు. పిటిషన్ వేసిన నాడు ఐదేళ్ల పిల్ల, వీసా వంతు వచ్చేనాటికి 21 దాటిపోతుంది. ఇందుకు కొంత ఉపశమనంగా 2002 ఆగస్టు 6న ఒక చట్టం వచ్చింది. వంతు వచ్చిన నాటి వయసులో నుండి, పిటిషన్ పరిశీలనలో ఉన్న కాలాన్ని తీసివేస్తారు. ఉదాహరణకు అమ్మాయికి 22 ఏళ్ల 6 నెలలు, పిటిషన్ ఆమోదానికి 2 ఏళ్లు పట్టిందనుకోండి. ఆమె వయసు 20 ఏళ్ల 6 నెలలుగా లెక్కిస్తారు. అయితే వంతు వచ్చిన ఏడాదిలోగా ఆమె వీసా కోసం ముందడుగు వేయాలి. ఆలస్యం చేస్తే ఆ మేలు పోవచ్చు.

సిద్ధం చేసుకోవలసిన కాగితాలు

మొదటిది జనన ధ్రువపత్రం. మన పల్లెల్లో పాతకాలం పుట్టుకలు చాలా నమోదు కాలేదు. ఏడాది దాటిన పుట్టుకను నమోదు చేయాలంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2023 సవరణ ప్రకారం జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు వంటివారు ఈ ఉత్తర్వు ఇస్తారు. జనన ధ్రువపత్రం దొరకనప్పుడు అమెరికా అధికారులు మొదటి బడి రికార్డును, సంఘపు ముద్ర ఉన్న బాప్తిస్మ పత్రాన్ని కూడా పరిశీలిస్తారు. అయితే ఆ ఆచారం బిడ్డ పుట్టిన రెండు నెలల్లోగా జరిగి ఉండాలి. పుట్టిన తేదీ, స్థలము, తల్లిదండ్రుల పేర్లు అందులో ఉండాలి. సంఘ పెద్దలు తమ రిజిస్టర్లను చెదలు పట్టకుండా కాపాడడం ఎవరికో ఒకరికి మేలు చేస్తుంది.

రెండవది, బిడ్డ చిన్ననాటి నుండి ఆధారపడి ఉన్నాడని చూపే రుజువులు. పాత ఆసుపత్రి చీటీలు, సదరం సర్టిఫికేటు, ప్రత్యేక పాఠశాల కాగితాలు, డాక్టరు నివేదిక పారవేయవద్దు. 22 ఏళ్లకు ముందు తేదీ ఉన్న ఒక్క చీటీ ఎంతో విలువైనది కావచ్చు.

తీసుకువెళ్లడానికి వీలుపడకపోతే

అప్పుడు కూడా బిడ్డ దిక్కులేనివాడు కాకూడదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం ప్రకారం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు గలవారికి 18 ఏళ్లు దాటిన తరువాత చట్టబద్ధమైన సంరక్షకుణ్ణి నియమించవచ్చు. జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేయాలి. బంధువు నోటిమాట మీద బిడ్డను వదలి విమానం ఎక్కడం కంటే ఇది మేలు. ఆస్తిలో అతని భాగం, నెలవారీ ఖర్చు, మందులు ఎవరు చూడాలో రాసి పెట్టండి.

నిబంధనలు మారుతుంటాయి గనుక డబ్బు కట్టే ముందు ఆయా ప్రభుత్వాల తాజా సూచనలు చదివించుకోండి. ఏజెంటు నింపిన ఫారాన్ని మీ భాషలో పూర్తిగా చెప్పించుకోకుండా సంతకం చేయవద్దు. "మీకు బిడ్డలెందరు?" అన్న గడి వచ్చినప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. మంచం దిగలేని బిడ్డ కూడా ఆ లెక్కలో ఒకరు.