బడి గంటకు బండి ఆగితే...

పొద్దున్న ఎనిమిదిన్నర దాటిందంటే నర్సీపట్నంలో బడులున్న సందుల్లో అడుగు తీసి అడుగు వేయడం కష్టం. ట్యాంకు మీద ఒకరు, వెనక ఇద్దరు, హ్యాండిల్‌కి క్యారేజీల సంచి... ఓ మోటారుసైకిలు. దాని వెనక, పుస్తకాల సంచులు బయటికి వేలాడేసుకుని పల్లెల నుంచి వచ్చిన ఆటో. ఆ వెనకే కారు. అందరికీ గేటు ముందే ఆపాలి! 'గేటు దగ్గర దింపితేనే నిశ్చింత' అనుకుంటారు నాన్నలు. చిక్కంతా ఆ నిశ్చింతతోనే. నడిచొచ్చే పిల్లకు దారి ఉండదు. రివర్సు తీస్తున్న కారు వెనక రెండో తరగతి బుడతడు నిలబడితే డ్రైవరుకు కనిపించడు.

ఈ బాధ అన్ని ఊళ్లదీ. ఇటలీలోని బొల్జానో పట్టణం 1989లోనే దీనికో ఉపాయం కనిపెట్టింది. బడి మొదలయ్యేటప్పుడు, వదిలేటప్పుడు గేటు ముందు వీధిని కాసేపు బండ్లకు మూసేయడం. అంతే! లండన్‌లో ఇప్పుడు ఇలాంటి బడి వీధులు 500 పైమాటే. ఉదయం పిల్లల్ని దింపే వేళ అక్కడి గాలిలో నైట్రోజన్ డయాక్సైడ్ 23 శాతం దాకా తగ్గిందని 2021లో తేలింది.

'లండన్ సంగతులు మనకెందుకు?' అంటారా? విశాఖ వెళ్లి చూడండి. తెల్లవారుజామున నడకకు వచ్చేవాళ్ల కోసం ఆర్కే బీచ్ రోడ్డులో బండ్లు ఆపేయడం ఏళ్లుగా ఉన్నదే. బీపీ, షుగరు ఉన్న పెద్దల కోసం ఆగిన బండి పిల్లల కోసం ఆగలేదా!

చట్టమూ అడ్డు రాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 115వ సెక్షను ప్రకారం, ప్రజల భద్రత కోసం ఫలానా రోడ్డులో వాహనాలను నియంత్రించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికీ, అది అధికారమిచ్చిన వారికీ ఉంది. నెలకు మించని ఆంక్ష అయితే గెజిట్ ప్రకటన కూడా అక్కర్లేదు. ఊళ్లో నలుగురికీ తెలిసేలా చెబితే చాలు.

అలాగని మెయిన్ రోడ్డును మూసేయమంటే కుదరదు. చింతపల్లి బస్సులు ఆగిపోతాయి, ఏజెన్సీ నుంచి ఏరియా ఆసుపత్రికొచ్చే అంబులెన్సు ఇరుక్కుంటుంది. మూయాల్సింది సందులనే. అక్కడ ఇళ్లున్నవాళ్ల బండ్లకు మినహాయింపు ఇవ్వాలి. అసలు కష్టం ఆటోలతో. పల్లెల నుంచి పదేసి మందిని తెచ్చే ఆటో ఎక్కడ ఆగాలి? వంద గజాల అవతల ఓ ఖాళీ జాగా చూడాలి. అక్కణ్నుంచి చిన్నపిల్లల్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చే ఆయా ఉండాలి. వాన పడితే? గొడుగులు తప్పవు. బడి సిబ్బంది ఆపితే బండ్లు ఆగవు కాబట్టి మొదట్లో ఓ కానిస్టేబులూ కావాలి. తొలివారం నాన్నలు విసుక్కోకుండా ఉండరు.

బడులు తెరిచే జూన్‌లో ఒక్క సందులో, ఒక్క నెల, పొద్దున్న అరగంట, సాయంత్రం అరగంట చేసి చూడొచ్చు. అందుకు రెండు ఇనప డ్రమ్ములు, ఓ తాడు, వేళలు రాసిన బోర్డు చాలు.