న్యూటన్ పుట్టిన రాతి ఇల్లు



న్యూటన్ నియమాలు మూడూ మనం బట్టీ పట్టాం. కానీ ఆయన ఎలాంటి ఇంట్లో పుట్టాడో ఎప్పుడైనా అడిగామా? నేనైతే ఏ రాజుగారి మేడలోనో అనుకున్నాను. కాదు. గొర్రెలు పెంచుకునే రైతు ఇంట్లో!

ఇంగ్లాండులో లింకన్‌షైర్ అనే ప్రాంతంలో వూల్స్‌థోర్ప్ అని ఒక చిన్న పల్లె. ఆ ఇల్లు కట్టి సుమారు 400 ఏళ్లయింది. ఇప్పటికీ నిలిచే ఉంది.

గోడలు: అక్కడి నేలలో సున్నపురాయి దొరుకుతుంది. మనవాళ్లు దగ్గర దొరికిన మట్టితో, కర్రతో ఇల్లు కట్టినట్టే వాళ్లూ కాళ్ల కింద ఉన్న రాయినే తీసి గోడలు పెట్టారు. అప్పటికి ఇప్పటి సిమెంటు లేదు. రాళ్ల మధ్య సున్నమే. సున్నం గోడలోని తేమను మెల్లగా బయటికి పోనిస్తుంది. అందుకే ఇలాంటి గోడలు వందల ఏళ్లు నిలుస్తాయి.

కిటికీలు: రాతితో చెక్కిన నిలువు కమ్ములు కిటికీని చిన్న చిన్న భాగాలు చేస్తాయి. ఆ రోజుల్లో పెద్ద అద్దం చేయడం కష్టం, ఖరీదు. అందుకని చిన్న ముక్కలే బిగించేవారు.

పైకప్పు: ఆ చుట్టుపక్కల పల్లెల్లో పలుచని రాతి పలకలు కప్పుతారు. వాటిని చీల్చేది మంచు! గనిలోంచి తీసిన రాయిని చలికాలంలో బయట పెట్టి నీళ్లు చల్లుతూ ఉండేవారు. పొరల మధ్య నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది, రాయి పలకలుగా విడిపోతుంది. నీరు గడ్డకడితే వ్యాకోచిస్తుందని మన పాఠంలో ఉన్నదే కదా!

2017లో ఆ ఇంటి గోడ మీద, చలి కాచుకునే పొయ్యి దగ్గర, ఒక గాలిమర బొమ్మ బయటపడింది. కంటికి ఆనదు. ప్రత్యేకమైన వెలుతురు పద్ధతితో కనిపెట్టారు. చిన్నప్పుడు న్యూటనే గీసి ఉంటాడంటున్నారు. (అందుకని హాస్టల్ గోడల మీద గీయమని కాదు సార్, మాకు ఈ గోడ పత్రిక ఉంది!)

ఇప్పుడు అసలు మాట. న్యూటన్ తండ్రికి సంతకం చేయడం రాదు. కొడుకు పుట్టకముందే చనిపోయాడు. బడిలో చదువుతున్న న్యూటన్‌ని తల్లి సేద్యం చూసుకోమని మధ్యలో ఇంటికి పిలిపించింది. మేనమామ, బడి పంతులు నచ్చజెప్పాకే మళ్లీ పంపింది. 1661లో కేంబ్రిడ్జి చేరాడు.

నన్ను హాస్టల్లో చేర్చిన రోజు మా నాన్న రిజిస్టరులో వేలిముద్ర వేశాడు. అప్పుడు నాకు సిగ్గేసింది. ఇది చదివాక, అలా సిగ్గుపడినందుకు సిగ్గేసింది.

సంక్రాంతి సెలవులకని వెళ్లి పొలం పనుల్లో ఉండిపోయిన మన తరగతివాడు ఒకడున్నాడు. వాడి మంచం ఇంకా ఖాళీగానే ఉంది. వార్డెన్ సార్, మీరొక్కసారి వాళ్ల ఊరు వెళ్లి నచ్చజెప్పండి. దారి చూపడానికి నేను వస్తాను.

ఇట్లు,
మీ 10వ తరగతి మిత్రుడు