మంచుకొండల వసంతము

వసంతమనగానే మనకు మామిడిచిగురు, వేపపూత, కోకిలపాట స్ఫురించును. ఉగాదినాటికి మన ప్రాంతములలో ఎండలు ముదురుచుండును. చెఱువులలో నీరు తగ్గుచుండును. ఐరోపా ఖండమునందలి ఆల్ప్స్ పర్వతములలో వసంతము ఇట్లుండదు. మార్చి, ఏప్రిలు మాసములలో అచటి లోయలందు పచ్చికబయళ్ళు పూలతో కన్నులపండువు చేయుచుండగా, శిఖరములు ఇంకను తెల్లని మంచును కప్పుకొనియే యుండును. ఎత్తైన కొండలపై మంచు మిక్కిలి మందముగా పేరుకొనియుండు కాలమదియే. పగళ్ళు దీర్ఘములై, ఎండ ప్రకాశవంతమై, మంచుపై జారుచు కొండలు దాటగోరు సాహసికులను ఆ కాలము పిలుచుచుండును. కాని ఆ అందమైన తెల్లని వాలులయందే మృత్యువు పొంచియుండును. కొండవాలుపైనున్న మంచు ఒక్కుమ్మడిగా విరిగి, కనబడినదానినెల్ల కప్పివేయుచు క్రిందికి దొరలుటను హిమసంపాతమందురు. అది యెట్లు పుట్టునో, దానినుండి మానవుడు తన్ను తాను ఎట్లు కాపాడుకొనుచున్నాడో ఈ పాఠమున తెలిసికొందము.

మంచుపై నడచినచో కాలు మోకాటిలోతున దిగబడును. కావున మంచుదేశములవారు పూర్వకాలమునుండియు స్కీలు అను పొడవైన సన్నని పలకలను పాదములకు కట్టుకొని సంచరించుచున్నారు. మన బరువు వెడల్పైన పలకపై పరచుకొనుటచే కాలు దిగబడదు. వాలున జారుటయు సులభమగును. మఱి కొండ ఎక్కునపుడు వెనుకకు జారకుండుట యెట్లు? దానికొఱకు పలక అడుగున ఒకవైపునకే వాలిన వెండ్రుకలుగల పట్టీని అంటింతురు. పూర్వము సీలు అను సముద్రజంతువు చర్మమును వాడెడివారు. నేడు మేక ఉన్నితోను, నైలానుతోను నేసిన పట్టీలను వాడుచున్నారు. ఆ వెండ్రుకలు ముందునకు జారనిచ్చును, వెనుకకు జారనీయవు.

ఊరి చెంత యంత్రములతో చదునుచేసి, కావలివారి రక్షణలోనుంచిన జారుడుబాటలు కలవు. వానితో తృప్తిపడక కొందఱు మనుష్యసంచారములేని లోపలి కొండలకు పోవుదురు. ఫ్రాన్సులోని షమొనీ పట్టణమునుండి స్విట్జర్లాండులోని జెర్మాట్ వరకు హిమానీనదములమీదుగా పోవు దారి ఇట్టివానిలో ప్రసిద్ధమైనది. 1911వ సంవత్సరములో సాహసికులు స్కీలపై ఆ దారిని దాటిరి. నేడును వసంతకాలమున పెక్కుమంది నడుమనడుమనున్న కుటీరములలో రాత్రులు గడపుచు, సుమారు ఒక వారము దినములలో ఆ ప్రయాణమును ముగించుచున్నారు. అచట జారుడుబాటలు లేవు. దారిపొడవున కావలివారును లేరు. ప్రయాణికుని జ్ఞానమే అతనికి కావలి.

మంచు చూచుటకు ఒకే తెల్లని దుప్పటివలె కనబడును. కాని దానిని నిలువుగా కోసి చూచినచో పుస్తకములోని పుటలవలె పొరలు పొరలుగా నుండును. ఒక్కొక్క తుపానున కురిసిన మంచు ఒక్కొక్క పొర. కొన్ని పొరలు గాలిచే అణగి పలకవలె గట్టిపడును. కొన్నింటియందలి రేణువులు మాఱి, ఒకదానినొకటి పట్టుకొనజాలని పంచదార పలుకులవలె తయారగును. నిర్మలమైన చలిరాత్రులలో మంచుపై ఈకలవంటి సన్నని స్ఫటికములు మొలచును. వానిపై క్రొత్తమంచు కురిసినచో ఆ బలహీనమైన పొర లోపలనే దాగియుండును. ఇటుకల గోడను ఇసుకపై కట్టినట్లే, గట్టి పొర బలహీనమైన పొరపై నిలుచును. చూపులకు ఏ లోపమును కానరాదు.

ఆ వాలుపై ఒక మనిషి అడుగిడినాడనుకొనుడు. అతని బరువు పైపొర గుండా లోనికి పోయి, బలహీనమైన పొరను నలగగొట్టును. అప్పుడు గుభాలుమని ఒక ధ్వని వినబడవచ్చును. ఒకచోట మొదలైన ఆ విఱుగుడు కన్నుమూసి తెఱచునంతలో వాలంతటను ప్రాకును. తడిసిన గోడనుండి సున్నపుపూత పెచ్చుగా ఊడిపడినట్లు, మంచుపలక యంతయు ఒక్కసారిగా తెగి జారును. ఇట్టి హిమసంపాతములు సాధారణముగా 30 డిగ్రీలు మొదలు 45 డిగ్రీలవరకు గల వాలులపై పుట్టును. అంతకంటె చదునైనచోట మంచు సులభముగా జారదు. మిక్కిలి నిటారైనచోట మంచు పేరుకొనకమునుపే కొంచెముకొంచెముగా రాలిపోవును. స్కీలపై జారువారికి ఉల్లాసము కలిగించు వాలులును ఇవియే యగుట విచారకరమైన విషయము. పొడిమంచుతో కూడిన గొప్ప సంపాతములు గంటకు 200 కిలోమీటర్లకు మించిన వేగముతో దుముకును.

వసంతమున ఈ ప్రమాదము మఱియొక రూపము దాల్చును. పగటి ఎండకు మంచు కరగి, ఆ నీరు పొరల నడుమకు ఇంకును. రేణువులను కలిపియుంచిన బంధములు దానిచే సడలిపోవును. రాత్రి ఆకాశము నిర్మలముగా నున్నచో, మంచు తనయందలి వేడిని ఆకాశమునకు వెదజల్లి మరల గడ్డకట్టును. పైన గట్టి పెంకు ఏర్పడును. మబ్బు కమ్మినచో అది దుప్పటివలె వేడిని పోనీయక ఆపును, మంచు గడ్డకట్టదు. మబ్బు పట్టిన వేసవిరాత్రి మన యిండ్లలో ఉక్కపోయుట మీరెఱిగినదే, కారణమొక్కటియే. కావున వసంతకాలపు ప్రయాణికుడు తెల్లవారుజామున మొట్టమొదట చూడవలసినది నక్షత్రములను. నక్షత్రములు తళతళలాడిన రాత్రి మరునాటి ఉదయము సామాన్యముగా మంచు గట్టిగానుండును. మబ్బు కమ్మిన రాత్రి తరువాత, ఇల్లు కదలకుండుటయే మేలు కావచ్చును.

ఉదయమున పెంకు రాయివలె నుండును. ఎండ సోకిన కొంతసేపటికి దాని పైభాగము కొద్దిగా మెత్తబడును. జారుటకు మిక్కిలి హాయియైన వేళ అదియే. కాని అది యెంతోసేపు నిలువదు. మొదట తూర్పువాలులు, మధ్యాహ్నమున దక్షిణపువాలులు, పిమ్మట పడమటివాలులు వరుసగా ఎండకు మెత్తబడును. మధ్యాహ్నమునకు మంచు నీటితో బరువెక్కి, తనంతట తానే జారుటకు సిద్ధమగును. తడిమంచు పొడిమంచు వలె వేగముగా పాఱదు. కాని దాని బరువు మిక్కుటము. పెద్దచెట్లను సైతము అది పెకలించును. అందుచేతనే కుటీరములలో విశ్రమించిన ప్రయాణికులు ఇంకను చీకటియుండగనే లేచి, నుదుట కట్టుకొన్న దీపముల వెలుగున బయలుదేరుదురు. ఎండ ముదురకమునుపే ప్రమాదస్థలములను దాటుదురు. వసంతకాలపు కొండకు గడియారము కలదు. దానిని పాటించువాడు సురక్షితముగా గడచును. ఆలసించువాడు ఆపదను కొనితెచ్చుకొనును.

పూర్వము ఆల్ప్స్ ప్రాంతపు పల్లెవాసులకు ఈ శాస్త్రము తెలియకున్నను అనుభవము కొఱతపడలేదు. స్విట్జర్లాండులోని ఆండెర్మాట్ గ్రామమునకు పైనున్న అడవి హిమసంపాతములను ఆపుచుండుట గ్రహించి, అందు చెట్లు నఱకరాదని 1397వ సంవత్సరములోనే కట్టడి చేసిరి. ఐనను ప్రకృతి కొన్నియెడల మానవుని రక్షణలను మీఱును. 1951వ సంవత్సరపు చలికాలమున ఎడతెగని హిమవర్షము కురిసి, ఆల్ప్స్ పర్వతములలో 265 మందికి పైగా మరణించిరి. ఆండెర్మాట్ సైతము ఆ దెబ్బను తప్పించుకొనలేదు. నిద్రించుచున్న కుటుంబములు ఇండ్లతోకూడ మంచులో కప్పబడెను. ఆ దుఃఖమునుండి స్విట్జర్లాండువారు పాఠము నేర్చిరి. సంపాతములు పుట్టు వాలులపై వరుసలు వరుసలుగా ఉక్కుకంచెలు నాటిరి, అడవులు పెంచిరి, ఏయే స్థలములలో ఇండ్లు కట్టరాదో పటములలో గుఱుతించిరి.

అంతకు మునుపే ఆ దేశపు శాస్త్రజ్ఞులు దావోస్ పట్టణమునకు పైనున్న వైస్‌ఫ్లూయోక్ అను కొండపై, 1936వ సంవత్సరమున, మంచుతో కట్టిన గదిలో తమ పరిశోధనలను ప్రారంభించియుండిరి. 1942లో అచట మంచును గూర్చి పరిశోధించు సంస్థ నెలకొన్నది. 1945 నుండి ఆ సంస్థయే ప్రజలకు హిమసంపాత సూచనలను తెలుపుచున్నది. కొండలపై నిలిపిన యంత్రములును, గ్రామములందలి పరిశీలకులును పంపు వివరములను కూర్చి, ప్రమాదమును 1 మొదలు 5 వరకు అంకెలతో ప్రకటించుచున్నారు. ఇందొక విచిత్రము గమనింపదగును. మరణములలో సుమారు సగము 3వ అంకె ప్రకటించిన దినములలోనే సంభవించుచున్నవి. ఏలయన, 4, 5 అంకెలు చూచి జనులు భయపడి ఆగుదురు. 3 చూచి, నడుమ అంకెయే గదా యని ముందునకు సాగుదురు.

మఱియొక విషయము ఇంతకంటె ఆలోచింపదగినది. హిమసంపాతమున చిక్కుకొన్న సాహసికులలో నూటికి సుమారు 90 మంది విషయమున, ఆ మంచుపలకను కదల్చినది వారో, వారి తోడివారో అయియున్నారు. 1951లో కొండ మనుష్యుని ఇంటిమీదికి వచ్చెను. నేడు మనుష్యుడే కొండమీదికి పోవుచున్నాడు. కావున ఈ ప్రమాదము చాలవఱకు మనుష్యుని చేతిలోనే యున్నది.

మంచు ఆగినవెంటనే సిమెంటువలె బిగిసికొనును. లోపల చిక్కుకొన్నవాడు చేయి కదల్చుటయు కష్టము. పది పదునైదు నిమిషములలో వెలికితీసినచో పదిమందిలో తొమ్మండుగురు బ్రతుకవచ్చును. అరగంట దాటినచో ఊపిరాడక పెక్కుమంది మరణింతురు. అంత స్వల్పకాలములో ఊరినుండి సహాయము చేరుట దుర్లభము. అందుచే ప్రతివ్యక్తియు మూడు వస్తువులు వెంట తీసికొనిపోవలయును. ఒకటి, సంకేతములు పంపుచు, ఇతరుల సంకేతములను అందుకొను చిన్న రేడియో యంత్రము, రెండవది, మంచులోనికి గ్రుచ్చి చూచు పొడవైన సన్నని చువ్వ, మూడవది, పార. యంత్రము దిక్కు చూపును. చువ్వ లోతు తెలుపును. పార ప్రాణము నిలుపును. ఐతే ఇవి యన్నియు తోడివారి చేతులలోనున్నపుడే పనికివచ్చును. ఒంటరిగా పోయినవానికి ఇవి ఉండియు లేనట్లే.

ఈ యంత్రములు లేని కాలమున కుక్కలే సహాయకులు. ఇటలీ, స్విట్జర్లాండు దేశముల నడుమ 2,469 మీటర్ల ఎత్తున గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ కలదు. అచటి మఠవాసులు బాటసారులను రక్షించుటకు బలమైన కుక్కలను పెంచెడివారు. వానిలో 1800 ప్రాంతమున పుట్టి, 1814లో మరణించిన బారీ అను కుక్క 40 మందికి పైగా ప్రాణములు కాపాడినదని ప్రసిద్ధి. దాని రూపమును బెర్న్ నగరపు ప్రదర్శనశాలలో నేడును చూడవచ్చును. నేటి రక్షకదళములందును శిక్షణ పొందిన కుక్కలు వాసనచే మంచులోని మనుష్యులను పసిగట్టుచున్నవి.

ఈ విషయము మనకు పరాయిది కాదు. మన హిమాలయములందును ఇట్టి ఆపదలు కలవు. మంచును పరిశోధించుటకు భారత ప్రభుత్వము 1969లో మనాలియందు ఒక సంస్థను నెలకొల్పెను. 2020లో అది రక్షణశాఖకు చెందిన మఱియొక పరిశోధన సంస్థతో కలిసినది. 2016 ఫిబ్రవరి 3వ తేదీన సియాచిన్ హిమానీనదముపై, సుమారు 19,600 అడుగుల ఎత్తున కాపలాయున్న పదిమంది సైనికులపై మంచు విరిగిపడెను. ఆఱుదినముల పిమ్మట ఒక్కరు మాత్రము సజీవముగా దొరకిరి. ఆయనయు ఆ నెల 11వ తేదీన కన్నుమూసెను. మరణించినవారిలో మన కర్నూలు జిల్లాకు చెందిన జవానును ఒకరు. మంచు ముఖమెఱుగని పల్లెలో పుట్టి, దేశముకొఱకు మంచులో ఒరిగిన ఆ వీరుని మనము మఱువరాదు. ఆయన తన కర్తవ్యమునకై ఆ స్థలమున నిలిచెను. వెనుదిరుగుట ఆయన చేతిలో లేదు. వినోదమునకై పోవువానికి ఆ స్వాతంత్ర్యము కలదు.

ఆ స్వాతంత్ర్యమును ఎప్పుడు వినియోగింపవలయునో కొండయే చెప్పును. ఎదుటి వాలున క్రొత్తగా మంచు జారిన జాడలు, కాలిక్రింద గుభాలుమను ధ్వని, పలక ముందునుండి పాఱు బీటలు, ఎండకు తమంతట తామే దొరలు మంచుముద్దలు, మోకాటివరకు దిగబడు తడిమంచు - ఇవి కొండ పలుకు మాటలు. వీనిలో ఏ యొక్కటి కనబడినను వివేకి ఆగి ఆలోచించును. శిఖరము కనుచూపుమేరలో నున్నపుడు వెనుదిరుగుట కష్టమే. ఎంతో ధనము, ఎంతో శ్రమ వెచ్చించి వచ్చితిమి గదా యని మనసు పీడించును. ముందుపోయినవారి జాడలు రమ్మని పిలుచును. తోడివారు పిరికివాడందురేమో యని సంకోచము కలుగును. హిమసంపాతములలో చిక్కినవారిలో పెక్కుమంది మంచును గూర్చి ఎఱుగనివారు కారు. ఎఱిగియు ఆ క్షణమున ఆగజాలనివారు.

కావున, బాలబాలికలారా, మంచుకొండను ఎక్కుటకు బలము కావలయును; దానిని తెలిసికొనుటకు శాస్త్రము కావలయును; చాలును, దిగుదము అని పలుకుటకు ఈ రెండింటికంటె గొప్పదైన నిగ్రహము కావలయును. శిఖరము మరుసటి యేడును అచటనే యుండును. దానిని మరల చూచుటకు మనమును ఉండవలయును గదా!