గుట్ట మీద శిబిరం: చేయవలసిన సేవ, చేయకూడని సేవ



"గుట్ట మీద నాలుగు రోజులు శిబిరం పెడుతున్నాం, పనిలో సాయానికి మీరూ వస్తారా?" అని ఎవరైనా పిలిస్తే మనలో చాలామంది ముందు అడిగేది, "అక్కడ స్నానానికీ దొడ్డికీ ఏర్పాటుందా?" అని. అడగవలసిన ప్రశ్నే. ఆడవాళ్ళు అడక్కపోతే ఇంకెవరు అడుగుతారు? కాని దాని వెంటనే వచ్చే రెండో మాట ఉంది చూడండి, "మేమొచ్చి చేసేదేముందండీ, బండలెక్కే పిల్లలు వెళ్తారు గాని" అని, దానితో మాత్రం నాకు పేచీ. ఈవేళ ముఖ్యంగా దాన్ని గురించే మాట్లాడతాను. మొదటి ప్రశ్నకి జవాబు మధ్యలో వస్తుంది.

నేను చెప్పబోయేది పాండవుల గుట్టలను గురించి. జయశంకర్ భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలో, రావులపల్లె దగ్గర ఉన్నాయి. 2016 అక్టోబరు దాకా ఇదంతా వరంగల్ జిల్లాయే. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అని వేరు వేరు జిల్లాలైంది ఆ తర్వాతనే. హైదరాబాదు నుంచి వచ్చేవాళ్ళకి జనగామ మీదుగా వరంగల్, అక్కణ్ణుంచి పరకాల దాటి భూపాలపల్లి వెళ్ళే రోడ్డు పట్టుకోవాలి. వరంగల్ నుంచి యాభై కిలోమీటర్లు అటూ ఇటూగా ఉంటుంది. మహబూబాబాద్ వాళ్ళు కూడా వరంగల్ చేరి ఇదే దారిన వెళ్ళవచ్చు.

ఆ గుట్టల్ని చూస్తే ఎవరో పళ్ళెం మీద పళ్ళెం పేర్చి, మధ్యలో చెయ్యి జారి వదిలేసినట్టుంటాయి. అంతా ఇసుకరాయి. పొరలు పొరలుగా ఏర్పడి, గాలికీ వానకీ అరిగి, కింద గుహల్లాంటి నీడలు మిగిలాయి. వనవాసంలో పాండవులు ఇక్కడ తలదాచుకున్నారని ఊళ్ళవాళ్ళ నమ్మకం. కుంతీదేవిని మనవాళ్ళు గొంతెమ్మ అంటారు కదా, ఒక గుట్టకి గొంతెమ్మ గుట్ట అనే పేరు. పట్నం నుంచి వచ్చి వేణ్ణీళ్ళూ ఫ్యానూ కావాలని అడిగేవాళ్ళని చూసినప్పుడల్లా ఆ పేరు ఊరికే పెట్టలేదనిపిస్తుంది నాకు!

ఈ బండలెక్కడానికి చాలామంది యువకులు, ఇప్పుడు యువతులు కూడా వస్తున్నారు. అటవీశాఖవారు ఇక్కడ తాళ్ళతో బండలెక్కడం, దిగడం నేర్పించే ఏర్పాట్లు చేశారు. అలాంటి శిబిరానికి ముప్ఫై మంది పిల్లలు వచ్చారనుకోండి. తాళ్ళు పట్టుకునే గురువులు ఇద్దరో ముగ్గురో ఉంటారు. మరి ఆ ముప్ఫై మందికి అన్నం, నీళ్ళు, ఎంగిలాకులు, జ్వరం వచ్చిన పిల్ల, నెలసరి వచ్చి ఎవరితో చెప్పుకోవాలో తెలియని పిల్ల? ఇవన్నీ ఎవరు చూడాలి? సేవకు రమ్మని మనల్ని పిలిచేది ఇందుకే.

అసలు గుడారం బతుకు మనకు కొత్తది కాదండీ. మేడారం జాతరకు రెండేళ్ళకోసారి మాఘమాసంలో లక్షల మంది వెళ్ళి చెట్ల కింద దిగుతారు. మూడు రాళ్ళ పొయ్యి, ఒక గుడ్డ చాటు, బిందెడు నీళ్ళు, వాటితోనే నాలుగు రోజులు గడుపుతారు. మేడారం ఇప్పుడు ములుగు జిల్లాలో ఉంది, 2019 దాకా భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది. పగిడిద్దరాజును తీసుకొచ్చేది మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుంచి. ఇంకొక సంగతి గమనించండి. సమ్మక్క తల్లిని చిలకలగుట్ట నుంచి తీసుకొస్తారు. అంత లక్షల జనంలో ఆ గుట్ట ఎక్కేది పూజారులే. మిగిలినవాళ్ళు కింద నిలబడి దణ్ణం పెడతారు. గుట్టను తాకకుండా ఉండటం కూడా భక్తే అని కోయవారికి ఎవరూ నేర్పనక్కరలేకపోయింది. పాండవుల గుట్టల దగ్గర ఆ మాట మనం కొంచెం కష్టపడి నేర్చుకోవాలి.

ఎందుకంటే ఆ బండల మీద బొమ్మలున్నాయి. అవి 1990లో వెలుగులోకి వచ్చాయి. అడవిదున్నలు, జింకలు, పులి, విల్లంబులు, వృత్తాలు, చతురస్రాలు, ఇవి వేలయేళ్ళ కిందట వేటాడి బతికిన మనుషులు వేసినవి. వాటికి చాలా తర్వాతి కాలంలో ఎవరో పాండవుల బొమ్మలు కూడా వేశారు. ఇలాంటి చిత్రాల్లో ఎరుపు మనకు పరాయిది కాదు. గడపలకీ గోడలకీ మన అమ్మమ్మలు పూసిన జాజు లాంటిదే, ఇనుము కలిసిన ఎర్రమన్ను. మధ్యప్రదేశ్‌లో భీంబేట్కా గుహలని విన్నారా? 1957లో వాకణ్కర్ అనే పండితుడు వాటిని గుర్తించాడు. 2003లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వపు జాబితాలో చేర్చారు. మన గుట్టల్లో బొమ్మలు కూడా ఆ కోవలోవే.

మాతో వచ్చిన ఒక పెద్దావిడ, చాలా మంచి మనిషి, బండ మీద బొమ్మ మసకగా ఉందని నీళ్ళ సీసా తీసి కొంగు తడిపింది. పక్కన దారి చూపించడానికి వచ్చిన ఊరి పిల్లవాడు గభాలున అడ్డం వచ్చి, "అమ్మా, తుడువొద్దు! మా తాతల కాడి నుంచి అది అట్లనే ఉన్నది" అన్నాడు. ఆవిడ చిన్నబుచ్చుకుంది. దుమ్ము కనిపిస్తే చెయ్యి ఆగని జాతి మనది, ఆవిడ తప్పేముంది? కాని పిల్లవాడి మాటే నిజం.

ఎందుకో చెబుతాను. ఇసుకరాయి గట్టిగా కనిపిస్తుంది గాని లోపలంతా సన్నని రంధ్రాలే, మట్టికుండలాగ. తడి తగలగానే పీల్చుకుంటుంది. బొమ్మ ఒక్క నిమిషం నిగనిగలాడుతుంది. ఫొటో తీసుకునేవాళ్ళు నీళ్ళు చల్లేది ఆ నిగనిగ కోసమే. తర్వాత నీళ్ళు ఆరేటప్పుడు రాతి లోపలి ఉప్పును పైకి లాక్కొస్తాయి. పాత ఇంటి గోడకి చవుడు పట్టి సున్నం పెచ్చులూడటం చూస్తాం కదా, ఇదీ అంతే. ఉప్పు గడ్డకట్టినకొద్దీ ఇసుక రేణువులు రాలతాయి, వాటితో పాటే రంగూ పోతుంది. చేత్తో తడిమితే ఒంటి జిడ్డు అంటుకుని దుమ్మును పట్టేస్తుంది. కింద పొయ్యి పెడితే మసి. మన ఇంటి మసి ఏ కొబ్బరిపీచుతోనో వదులుతుంది. రెండూ రాతి మీద పొరలే కనుక, ఆ మసిని వదిలించబోతే బొమ్మ కూడా దానితోనే పోతుంది.

మన ఆడవాళ్ళకు ఇంకో మాట ప్రత్యేకంగా చెప్పాలి. పాండవుల బొమ్మలు కనిపించగానే పసుపు, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించాలనిపిస్తుంది. దయచేసి వద్దు. నూనె దీపం సెగ, పసుపు మరక రాతిలోకి దిగితే ఎవరూ తీయలేరు. దణ్ణం దూరం నుంచి పెట్టుకోవచ్చు. మరి పేర్లు చెక్కే మహానుభావుల సంగతి? బొమ్మ పక్కనే బాణం గుర్తూ, ఇద్దరి పేర్లూ. చూస్తే ఒళ్ళు మండుతుంది. అయినా ఆ గీతల్ని కూడా మనం గోకి తీసేయకూడదు. అది రాళ్ళ వైద్యం నేర్చినవాళ్ళ పని. మనం చేయగలిగింది, ఎక్కడుందో రాసుకుని, ఫొటో తీసి, పురావస్తుశాఖకో అటవీశాఖకో ఇవ్వటం.

ఇదేదో మన దేశపు చాదస్తం అనుకునేరు. ఫ్రాన్సులో లాస్కో అనే గుహ ఉంది. 1940లో కొందరు పిల్లలు అనుకోకుండా దాన్ని కనుక్కున్నారు. 1948లో జనానికి తెరిచారు. వచ్చిపోయే జనం ఊపిరికే, ఆ తేమకే బొమ్మల మీద పాచి పట్టిందని 1963లో మూసేశారు. ఇప్పుడు వెళ్ళినవాళ్ళు చూసేది నకలు గుహనే. మన గుట్టల నీడలు గుహల్లా మూసుకుపోయి ఉండవు, గాలి ఆడుతుంది. అందుకే ఇంకా చూడగలుగుతున్నాం.

సరే, చేతులు కట్టుకుని కూర్చోమని కాదు కదా పిలిచింది. బండ దగ్గర ఆగిన చెయ్యి వంటశాల దగ్గర ఆడాలి.

మొదట నీళ్ళు. తాగడానికీ వంటకీ కలిపి మనిషికి రోజుకి పది లీటర్లు లెక్క వేసుకోండి. ముప్ఫై మందికి మూడు వందల లీటర్లు, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు పదిహేను. స్నానాలూ అంట్లూ దీనికి వేరు. గుట్ట మీద కుళాయి ఉంటుందని ఎవరు చెప్పినా నమ్మకండి, కింది నుంచి మోయవలసిందే. బియ్యం పూటకి మనిషికి నూటయాభై గ్రాములు చొప్పున ముప్ఫై మందికి నాలుగున్నర కిలోలు పడతాయి. బండలెక్కి వచ్చిన పిల్లలు మన ఇంట్లో పిల్లల్లా తినరు, ఇంకో కిలో ఎక్కువే పోసుకోండి. పులిహోర, పప్పుచారు, సద్దకి పెరుగన్నం చాలు. నాలుగు కూరలు పెట్టాలని ముచ్చట పడితే అంట్లకే నీళ్ళు చాలవు.

పొయ్యి సంగతి. అడవిలో నిప్పు రాజేయటం నేరం. మాఘం దాటితే ఆకు రాలి, నేలంతా ఎండుటాకుల పరుపై ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. కనుక అటవీశాఖవారు చూపించిన చోట, గ్యాసు పొయ్యి మీదే వంట. బొమ్మలున్న నీడల దగ్గరకి వంట పేరెత్తకూడదు.

ఎంగిలి విస్తళ్ళు మోదుగాకువే వాడండి. థర్మాకోలు పళ్ళేలు చౌకే, కాని వాటిని మోసుకు దిగేది కూడా మనమే అని ముందే చెబితే ఎవరూ కొనరు! మిగిలిన అన్నం అక్కడ పారబోయకూడదు. "కోతులు తింటాయి, పుణ్యం" అంటారు మనవాళ్ళు. ఆ పుణ్యంతోనే కోతులు మనుషుల మీద పడటం నేర్చుకుంటాయి, రాత్రిపూట ఎలుగుబంటికి వాసన తగులుతుంది.

ఇక మీ మొదటి ప్రశ్న. నీళ్ళున్న చోటికి కనీసం అరవై మీటర్ల ఎడంగా, పల్లంలో కాకుండా, గొయ్యి తవ్వి, నాలుగు వైపులా తడికో గుడ్డో కట్టాలి. పక్కనే మట్టి కుప్ప, డబ్బా, వాడిన వెంటనే మట్టి వేయటం. ఆడపిల్లలకి వేరుగా ఒకటి ఉండి తీరాలి. దాని దగ్గర మూత ఉన్న బకెట్టు పెట్టి, వాడిన గుడ్డలు, ప్యాడ్లు కాగితంలో చుట్టి అందులో వేయమని చెప్పాలి. ఇది చెప్పటానికి శిబిరం నడిపే మగవాళ్ళకి నోరు రాదు. చెప్పేవాళ్ళు లేకే చాలామంది అమ్మాయిలు ఇలాంటి శిబిరాలకు రారు, వచ్చినవాళ్ళు పొద్దుటినుంచి నీళ్ళు తాగకుండా ఉండి కళ్ళు తిరిగి పడతారు. మీరు వెళ్తే ఆ ఒక్క పనే పెద్ద సేవ.

అందరూ పడుకోబోయే ముందు గుట్ట మీద ఒక గంట ఉంటుంది. ఫోను మోగదు, టీవీ లేదు, ఎవరూ "కాఫీ" అని కేక వేయరు. ఇసుకరాయి పగటి వేడిని మెల్లగా వదులుతూ ఉంటుంది. ఆ గంట కోసమైనా వెళ్ళవచ్చు. అయితే విశ్రాంతికీ సేవకీ ఒకేసారి వెళ్ళాలనుకుంటే రెండూ చెడతాయని నా అభిప్రాయం. గోయెంకాగారి విపశ్యన కేంద్రాల్లో ఒక నియమం ఉంది. హైదరాబాదులో నాగార్జునసాగర్ రోడ్డు మీద 1976 నుంచి నడుస్తున్న ధమ్మఖేత్త కూడా అలాంటిదే. పదిరోజుల శిబిరంలో తాను కూర్చున్న తర్వాతనే ఎవరైనా అక్కడ సేవకు పనికొస్తారు. గుట్ట శిబిరానికీ ఇదే మంచిది. ఒకసారి ఊరికే వెళ్ళి చూసి రండి. మోకాళ్ళ భయం ఉన్నవాళ్ళు ముందుగా జనగామ జిల్లా పాలకుర్తి గుట్ట ఎక్కి చూసుకోవచ్చు. గుట్ట మీద సోమేశ్వరుడు, లక్ష్మీనరసింహుడు గుహల్లో వెలిశారు. పాల్కురికి సోమన పుట్టిన ఊరని ప్రసిద్ధి కూడా. దర్శనమూ అవుతుంది, మోకాళ్ళ సంగతీ తేలుతుంది.

కార్తీకం నుంచి మాఘం దాకా అనువైన రోజులు. ఎండాకాలంలో ఆ బండలు పెనాలు. వానల్లో పాకుడు. అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి మకాం పెట్టకూడదు. పెద్ద బండల అంచులకు తేనెపట్లు వేలాడుతుంటాయి, కనుక సెంటు పూసుకోవద్దు, కింద పొగ పెట్టవద్దు, కేకలు వేయవద్దు. ఒకవేళ పాము కరిస్తే కట్టు బిగించటం, కోసి రక్తం తీయటం, పసరు పోయటం ఇవేవీ చేయకండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్ర కట్టి, నడిపించకుండా మోసుకు దించి, 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చాలి. పైన ఫోను అందకపోవచ్చు, కాబట్టి ఎక్కడ నిలబడితే అందుతుందో మొదటి రోజే చూసి పెట్టుకోండి.

సంచిలో రెండు నూలు చీరలో పంజాబీ దుస్తులో, మడమ దగ్గర పట్టు ఉన్న బూట్లు, టార్చిలైటు, ఒక దుప్పటి, మీ రోజువారీ మందులు ఉంటే చాలు. పసుపు డబ్బా వంటకి మాత్రమే.