మూడు రూపాయల వడ్డీ ఏడాదికి ఎంతవుతుంది?

మన ఊళ్లలో వడ్డీని నెలకు నూటికి ఇంత అని చెప్పుకుంటాం. రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ, మూడు రూపాయల వడ్డీ. బ్యాంకు మాత్రం ఏడాది లెక్కన శాతంలో చెబుతుంది. డబ్బు విషయంలో ఎవరి మీదా ఆధారపడకుండా బతకాలంటే ముందు ఈ రెండు లెక్కల్నీ కలిపి చూడటం అలవాటు కావాలి.

పన్నెండుతో హెచ్చవేస్తే చాలు. రూపాయి వడ్డీ ఏడాదికి 12 శాతం. రెండు రూపాయలైతే 24, మూడైతే 36. డ్వాక్రా మహిళలకు ఒకప్పుడు ఇచ్చిన పావలా వడ్డీ రుణం 3 శాతమే.

ఆసుపత్రి ఖర్చుకు మూడు రూపాయల వడ్డీకి 50 వేలు తెచ్చారనుకుందాం. నెలకు వడ్డీ 1,500. తప్పకుండా కడుతున్నారు కాబట్టి ఇబ్బందేమీ లేదనిపిస్తుంది. అలా ఐదేళ్లు కడితే 90 వేలవుతుంది. అసలు 50 వేలూ అలాగే ఉంటుంది. అదే 1,500ను నెలనెలా పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లో (ప్రతి నెలా ఒకే మొత్తం కట్టే పొదుపు) 6.7 శాతం వడ్డీకి వేస్తే, ఐదేళ్లకు సుమారు లక్షా ఏడు వేలు చేతికొస్తుంది. అవసరానికి అప్పు చేసినవాళ్లను తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. సాయంత్రంలోగా డబ్బు కావాలంటే చాలామందికి వేరే దారి ఉండదు.

ఇప్పుడు ఇలాంటి వడ్డీయే క్రెడిట్ కార్డు రూపంలోనూ ఇంట్లోకి వస్తోంది. కార్డు బాకీ 20 వేలు ఉంది, కనీస చెల్లింపు (ఆ నెల ఆలస్య రుసుము పడకుండా కట్టాల్సిన మొత్తం) వెయ్యి అనుకుందాం. నెలకు మూడున్నర రూపాయల వడ్డీ అంటే 700. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 126. మీరు కట్టిన వెయ్యిలో బాకీకి జమయ్యేది 174 రూపాయలే. పైగా బాకీ మిగిలి ఉండగా కొత్తగా ఏం కొన్నా, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది.

అందుకే ఒకపక్క రెండు రూపాయల వడ్డీ అప్పు ఉంచుకుని మరోపక్క 7 శాతానికి ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయడం పొదుపు కాదు. 50 వేల మీద ఏడాదికి 8,500 నష్టం. నెల రోజుల ఇంటి ఖర్చుకు సరిపడా చేతిలో ఉంచుకుని, మిగతాది ఎక్కువ వడ్డీ అప్పుకు కట్టేయాలి. అది తీరిన నెల నుంచి, ఇన్నాళ్లూ వడ్డీకి పోయిన సొమ్మును అదే తేదీన పొదుపులో వేయాలి. ఆ డబ్బు లేకుండా ఇల్లు గడపడం అప్పటికే అలవాటై ఉంటుంది కాబట్టి కొత్తగా ఖర్చు తగ్గించుకోవాల్సిన పని లేదు.

బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు వ్యక్తిగత రుణం ఇచ్చే ముందు, రుసుములన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో ఒక పత్రంలో రాసివ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. యాప్‌లో తీసుకున్నా అంతే. సంతకం పెట్టే ముందు ఆ కాగితం అడిగి తీసుకోండి.