ఆర్మూరు నుండి దుబాయికి: దూరం, కాలం

నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు పసుపు పంటకు పేరెన్నికగన్న పట్టణం. 44వ, 63వ జాతీయ రహదారులు కలిసే కూడలి ఇది. 1970వ దశకం నుండి ఈ ప్రాంతీయులు ఎందరో బతుకుదెరువు కోసం గల్ఫు దేశాలకు వలస వెళ్తున్నారు. అందుచేత "దుబాయికి ఎన్ని గంటల ప్రయాణం?" అన్న ప్రశ్న ఇక్కడి ఇండ్లలో తరచుగా వినిపిస్తుంది. సులభంగా తోచే ఈ ప్రశ్నకు సమాధానం మాత్రం అంత సులభం కాదు.

ఒకప్పుడు గల్ఫుకు వెళ్లేవారిలో చాలామంది బొంబాయి చేరి విమానం ఎక్కేవారు. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం ప్రారంభమైంది. ఆర్మూరు నుండి అక్కడికి రోడ్డు మార్గంలో రమారమి 200 కిలోమీటర్లు. ప్రయాణానికి నాలుగు గంటలకు పైగా పడుతుంది. అక్కడి నుండి దుబాయికి ఆకాశమార్గాన దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. పన్నెండు రెట్లకు మించిన ఈ దూరాన్ని కూడా విమానం దాదాపు నాలుగు గంటల్లోనే దాటుతుంది.

తిరుగు ప్రయాణానికి సాధారణంగా మూడున్నర గంటలే చాలు. దూరం మారకున్నా కాలం తగ్గడానికి కారణం గాలి. ఎత్తయిన ఆకాశంలో, ముఖ్యంగా శీతకాలంలో, పడమటి నుండి తూర్పునకు బలమైన గాలులు వీస్తాయి. గోదావరిలో ఎదురీదే పడవకు, వాలున సాగే పడవకు ఉన్న భేదమే పోయే విమానానికి, వచ్చే విమానానికి ఉంటుంది.

గడియారం కల్పించే భ్రమ మరొకటి. భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుతుంది. భారత కాలమానానికి 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారం. దుబాయి కాలమానం 60 డిగ్రీల తూర్పు రేఖాంశానికి సరిపోతుంది. ఈ 22½ డిగ్రీల భేదం గంటన్నరకు సమానం. ఉదయం 10 గంటలకు హైదరాబాదులో బయలుదేరిన విమానం దుబాయి చేరేసరికి అక్కడ మధ్యాహ్నం 12:30 మాత్రమే అవుతుంది. మధ్యాహ్నం 2 గంటలకు అక్కడ బయలుదేరినది ఇక్కడికి రాత్రి 7 గంటలకు చేరుతుంది. టికెట్టు మీద ఏ ఊరి వేళకు ఆ ఊరి కాలమానాన్నే ముద్రిస్తారు. కనుక పోవడానికి రెండున్నర గంటలు, రావడానికి అయిదు గంటలు పట్టినట్లు కనిపిస్తుంది.

తేదీ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. టికెట్టుపై "15వ తేదీ, 00:30" అని ఉంటే, అది 14వ తేదీ రాత్రి గడిచి పన్నెండున్నర అయిన వేళ. మూడు గంటలు ముందుగా విమానాశ్రయం చేరాలంటే 14వ తేదీ మధ్యాహ్నమే ఆర్మూరు విడవాలి. 15వ తేదీ ఉదయం బయలుదేరినవానికి విమానం అందదు. పసుపు అమ్మిన సొమ్ముతోనో, అప్పు తెచ్చిన సొమ్ముతోనో కొన్న టికెట్టు వృథా అవుతుంది. చేతికందిన కొలువు కూడా చేజారవచ్చు.

అక్షరం నేర్చినవారు ఇంటిలో ఒక్కరున్నా ఈ నష్టాన్ని నివారించవచ్చు. తరగతి గదిలో చదివిన రేఖాంశాల పాఠం ఒక కుటుంబపు కష్టార్జితాన్ని కాపాడినప్పుడే ఆ చదువు సార్థకమవుతుంది.