విద్యార్థి విలువిద్యలో బ్యాడ్జీలు: గుర్తింపుకు కొలమానం ఏమిటి?

విల్లు పట్టడం నేర్చుకుంటున్న పిల్లలను "బాణాలు ఎలా పడుతున్నాయి?" అని అడిగితే "బాగానే పడుతున్నాయండీ" అంటారు. ఆ "బాగానే" అన్నమాటను ఎలా కొలవాలి? కొలిచిన దానికి ఎలాంటి గుర్తింపు ఇవ్వాలి? ఆ గుర్తింపు ఎప్పుడు మేలు చేస్తుంది, ఎప్పుడు కీడు చేస్తుంది? ఈ పాఠంలో ఈ మూడు ప్రశ్నలను పరిశీలిద్దాం.

ఉదాహరణకు దక్షిణ అండమాన్‌లోని చౌల్దారీలో చదువుకునే ఒక తెలుగు అమ్మాయిని ఊహించుకోండి. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వెళ్లి ఆ దీవుల్లో స్థిరపడిన కుటుంబాలు చాలానే ఉన్నాయి. అక్కడి నేలకు విల్లు కొత్త వస్తువు కాదు. జరవాలు, ఓంగీలు తరతరాలుగా విల్లుతో అడవిపందిని, చేపను వేటాడారు. వారి గురికి బ్యాడ్జీ అక్కరలేదు, ఇంటికి వచ్చిన చేపే సాక్ష్యం. వారి జీవనానికి 1956 నాటి చట్టం రక్షణ కల్పించింది కనుక మనం వారిని దూరం నుంచే గౌరవించాలి. బడిలో నేర్పే విలువిద్య వేరు. ఇక్కడ చేప ఉండదు, రంగు వలయాల టార్గెట్ ఉంటుంది. సాక్ష్యం అంకెల రూపంలో రావాలి.

మన అమ్మాయికి ఇబ్బంది ఇక్కడే వస్తుంది. తనతో పాటు బాణం వేసేవాళ్లు నలుగురైదుగురికి మించి ఉండరు. దేశస్థాయి పోటీకి రావాలంటే విశాఖకో చెన్నైకో సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటాలి. ఓడలో రెండు రోజులకు పైగా పడుతుంది. పోటీలే ఆమెకు కొలబద్ద అయితే, తాను ముందుకు వెళ్తోందో లేదో ఏడాది పొడవునా తెలియదు. నేర్పు పెరుగుతున్న సంగతి తెలియకపోతే సాధన ఎంతకాలం నిలుస్తుంది?

పతకం వేరు, బ్యాడ్జీ వేరు

పతకం మిమ్మల్ని ఇతరులతో పోలుస్తుంది. ఆ రోజు ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్నదాన్ని బట్టి అది మారుతుంది. బ్యాడ్జీ మిమ్మల్ని ఒక స్థిరమైన ప్రమాణంతో పోలుస్తుంది. తరగతిలో మొదటి ర్యాంకు ఒక్కరికే వస్తుంది కానీ నూటికి అరవై మార్కులు ఎంతమందికైనా రావచ్చు. పతకం ర్యాంకు లాంటిది, బ్యాడ్జీ మార్కుల లాంటిది.

నేను ఒకసారి ఒక పాఠశాల క్రీడోత్సవంలో స్కోరు రాసే బల్ల దగ్గర కూర్చున్నాను. ఒక్కొక్కరికి పన్నెండు బాణాలు, మొదటి ముగ్గురికి కప్పులు. అంతకు ముందు సంవత్సరం స్కోరుకు రెట్టింపు సాధించిన ఒక అమ్మాయి నాలుగో స్థానంలో నిలిచింది. ఆమె పేరు ఎవరూ పిలవలేదు. మరుసటి సంవత్సరం ఆమె మైదానానికి రాలేదు. రెండేళ్ల కాగితాలూ నా ముందే ఉన్నాయి, అయినా ఆ రెట్టింపును గుర్తించే మాట ఒక్కటి చెప్పాలని నాకు కూడా తోచలేదు. ఆ ఏర్పాటులో మొదటి ముగ్గురికే చోటు ఉంది, ఎదుగుదలకు లేదు.

అంకె వెనుక ఉండే మూడు సంగతులు

ఆరుబయట దూరపు పోటీలలో వాడే పెద్ద టార్గెట్ ముఖం వ్యాసం 122 సెంటీమీటర్లు. దాని మీద పది వలయాలు ఉంటాయి. బయటి నుంచి లోపలికి తెలుపు, నలుపు, నీలం, ఎరుపు, బంగారు రంగులు. ఒక్కో రంగులో రెండేసి వలయాలు. నడుమ ఉన్న పది పాయింట్ల వృత్తం వ్యాసం 12.2 సెంటీమీటర్లు.

ఈ వృత్తం 10 మీటర్ల నుంచి చూస్తే మన కంటి దగ్గర సుమారు 0.7 డిగ్రీల కోణం చేస్తుంది. 70 మీటర్ల నుంచి చూస్తే ఆ కోణం 0.1 డిగ్రీ మాత్రమే. చేయి చాచి చిటికెన వేలును చూడండి. దాని వెడల్పు సుమారు ఒక డిగ్రీ. ఒలింపిక్ క్రీడాకారులు గురిపెట్టేది అందులో పదో వంతుకు!

అందువల్ల "నాకు 250 వచ్చింది" అన్న మాటకు విడిగా అర్థం లేదు. ఎంత దూరం నుంచి, ఎంత పెద్ద ముఖం మీద, ఎన్ని బాణాలకు అన్న మూడు సంగతులూ చెప్పాలి. గుడ్డ పొడవు "అయిదు" అని చెప్పి మూరలో మీటర్లో చెప్పకపోతే ఎలా ఉంటుందో ఇదీ అంతే. ఈ మూడూ రాసి ఉన్న బ్యాడ్జీ చౌల్దారీలోనూ విజయవాడలోనూ ఒకే విలువ కలిగి ఉంటుంది.

స్టార్ బ్యాడ్జీలు చెప్పే లెక్క

అంతర్జాతీయ విలువిద్య సమాఖ్య 1931లో ఏర్పడింది. చాలాకాలం ఫిటా అన్న పేరుతో నడిచి, 2011లో వరల్డ్ ఆర్చరీగా పేరు మార్చుకుంది. దాని స్టార్ బ్యాడ్జీలు ఈ రంగంలో బాగా పేరు పొందినవి. నాలుగు దూరాలలో, దూరానికి 36 చొప్పున, 144 బాణాలు వేయాలి. గరిష్ఠ స్కోరు 1440. పురుషులకు దూరాలు 90, 70, 50, 30 మీటర్లు. స్త్రీలకు 70, 60, 50, 30 మీటర్లు.

1000 పాయింట్లకు తెలుపు, 1100కు నలుపు, 1200కు నీలం, 1300కు ఎరుపు, 1350కి బంగారు, 1400కు ఊదా రంగు బ్యాడ్జీ. మొదటి అయిదు రంగులూ టార్గెట్ రంగులే, వరుస కూడా అదే. బాణం లోపలికి జరిగినట్టే బ్యాడ్జీ కూడా లోపలికి జరుగుతుంది.

ఇక్కడ ఒక సందేహం రావాలి. మొదట వంద వంద చొప్పున పెరిగిన మెట్టు, 1300 దాటాక యాభైకి ఎందుకు తగ్గింది? పైమెట్లు సులభమయ్యాయా? వచ్చిన పాయింట్లను పక్కనపెట్టి, పోగొట్టుకున్న పాయింట్లను లెక్కించండి. 1000 స్కోరు అంటే 440 పోయాయి. 1100 అంటే 340 పోయాయి. నష్టం దాదాపు నాలుగో వంతు తగ్గింది. 1300 వద్ద నష్టం 140, 1350 వద్ద 90. అంటే మూడో వంతుకు పైగా తగ్గించాలి. 1350 నుంచి 1400కు పోవాలంటే నష్టాన్ని 90 నుంచి 40కి, అంటే సగానికి పైగా కోసివేయాలి. చూడటానికి చిన్నదైన మెట్టు నిజానికి ఎక్కువ ఎత్తు. మెట్లను ఏర్పరిచేటప్పుడు అంకెల మధ్య దూరం సమానంగా ఉంటే చాలదు, శ్రమలో తేడాను కూడా చూడాలి.

అదృష్టం పాలు ఎంత?

ఎంత నేర్పరికైనా అన్ని బాణాలూ ఒకేచోట పడవు. బాణానికీ బాణానికీ ఉండే ఈ ఒడిదుడుకును గణాంకశాస్త్రంలో ప్రామాణిక విచలనంతో కొలుస్తారు. ఒక విద్యార్థి నిజమైన సగటు బాణానికి 6.5, విచలనం 2 అనుకుందాం. బ్యాడ్జీకి కావలసిన సగటు 7. అంటే అతనికి ఇంకా ఆ అర్హత రాలేదు.

ఆరు బాణాలతోనే పరీక్ష పెడితే 42 పాయింట్లు కావాలి. కేవలం అదృష్టం మీద అతను దాటేసే అవకాశం నూటికి సుమారు 30. ముప్ఫై బాణాలతో పెడితే 210 కావాలి. అప్పుడు అవకాశం సుమారు 9కి పడిపోతుంది. బాణాలు పెరిగిన కొద్దీ మంచి చెడులు ఒకదానినొకటి సరిచేసుకుని అసలు సగటు బయటపడుతుంది. అదే స్కోరును రెండు వేర్వేరు రోజుల్లో సాధించాలని నియమం పెడితే అవకాశం నూటికి ఒకటి కంటే తక్కువ.

రెండోవైపు కూడా చూడాలి. నిజమైన సగటు 7.5 ఉన్న విద్యార్థికి ముప్ఫై బాణాల పరీక్షలో ఒక్కోసారి తప్పే అవకాశం నూటికి సుమారు 8. అర్హత ఉన్నవాడు కూడా ఒకరోజు ఓడిపోతాడు. కాబట్టి మళ్లీ ప్రయత్నించే వీలు తప్పనిసరిగా ఉండాలి. బ్యాడ్జీకి గడువు పెట్టడం, ఒక్కసారికే పరిమితం చేయడం న్యాయం కాదు.

బహుమతి చేసే మేలు, కీడు

అమెరికాలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వశాస్త్రజ్ఞులు 1973లో ఒక ప్రయోగం ప్రచురించారు. బొమ్మలు వేయడమంటే ఇష్టపడే చిన్నపిల్లలను మూడు జట్లు చేశారు. బొమ్మ వేస్తే నక్షత్రం, రిబ్బను ఉన్న పత్రం ఇస్తామని ఒక జట్టుకు ముందే ఆశ చూపారు. రెండో జట్టుకు ముందు చెప్పకుండా, వేశాక ఇచ్చారు. మూడో జట్టుకు ఏమీ ఇవ్వలేదు. కొన్ని రోజుల తరువాత, తమకు తోచినట్లు ఆడుకునే సమయంలో చూస్తే, ముందే ఆశ చూపిన పిల్లలు మిగిలినవారిలో సగం సేపే బొమ్మలు వేశారు. ఇష్టంతో చేసే పని కాస్తా పత్రం కోసం చేసే పని అయిపోయింది.

అయితే బ్యాడ్జీలు మానేయాలా? అక్కరలేదు. "ఇది చేస్తే ఇది ఇస్తాను" అని లొంగదీసే బహుమతికీ, "నువ్వు ఇంతవరకు వచ్చావు" అని సమాచారం ఇచ్చే గుర్తింపుకూ తేడా ఉందని తరువాతి పరిశోధకులు చూపించారు. మొదటిది ఆసక్తిని తినేస్తుంది, రెండోది నిలబెడుతుంది. వచ్చినందుకూ నిలబడినందుకూ అందరికీ ఒకే బ్యాడ్జీ పంచితే అందులో సమాచారం ఉండదు. పిల్లలకు ఆ సంగతి పెద్దలకంటే ముందే తెలిసిపోతుంది.

మీ బడిలో బ్యాడ్జీలు పెట్టాలంటే

మొదటి బ్యాడ్జీ స్కోరుకు కాదు, భద్రతకు ఇవ్వండి. రెండు ఈలలకు గీత మీదకు రావడం, ఒక ఈలకు బాణం వేయడం మొదలుపెట్టడం, మూడు ఈలలకు విల్లు పక్కనపెట్టి బాణాలు తెచ్చుకోవడం. ఇది పొరపాటు లేకుండా చేసినవారికే తరువాతి మెట్టు.

ఆ తరువాత దూరాన్ని కొంచెం కొంచెంగా పెంచుతూ 10, 15, 20, 30 మీటర్లకు ఒక్కో రంగు పెట్టవచ్చు. దూరాన్ని అడుగులతో కాకుండా టేపుతో కొలవండి. రికర్వ్ విల్లుకూ కాంపౌండ్ విల్లుకూ ప్రమాణాలు వేరుగా ఉండాలి. స్కోరు పూర్తిగా రాసేవరకు బాణాన్ని కానీ ముఖాన్ని కానీ ఎవరూ తాకకూడదు. బాణం గీతను తాకితే ఎక్కువ విలువే లెక్క. వేసినవారు స్కోరును పెద్ద అంకె నుంచి చిన్న అంకెకు చదవాలి, ఇద్దరు విడివిడిగా రాసుకుని సరిపోల్చాలి.

స్థానిక పరిస్థితులను కూడా గమనించాలి. అండమాన్‌లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. డిసెంబరులో దాదాపు సాయంత్రం అయిదు గంటలకే పొద్దు కుంకుతుంది. బడి వదిలాక మిగిలే వెలుతురు కొద్దిసేపే. కాబట్టి ఆరుబయట పరీక్షలను జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఉండే పొడి నెలల్లో పెట్టుకోవడం మంచిది. ఈకలు కట్టిన బాణం తడిస్తే బరువెక్కి దారి తప్పుతుంది. వానచోట్ల ప్లాస్టిక్ రెక్కలే మేలు.

బ్యాడ్జీ ఎంతవరకు తీసుకెళ్తుంది?

ఒక విషయం తల్లిదండ్రులకు స్పష్టంగా చెప్పాలి. బడి ఇచ్చే బ్యాడ్జీ వల్ల క్రీడా కోటాలో సీటు రాదు, ఉద్యోగం రాదు. అందుకు గుర్తింపు పొందిన పోటీల ధ్రువపత్రాలు కావాలి. వాటికోసం ఓడ ఎక్కక తప్పదు. ఓడ ఎక్కే ముందు ఆ ఖర్చుకు తగ్గ స్థాయికి చేరామా లేదా అన్నది బ్యాడ్జీ చెప్పగలదు. దాని ఉపయోగం అదే.

పైమెట్లు ఎక్కడ ఉన్నాయో కూడా తెలిసి ఉండాలి. 2024 పారిస్ ఒలింపిక్స్ అర్హత రౌండులో 70 మీటర్ల దూరం నుంచి 72 బాణాలకు కొరియా క్రీడాకారిణి లిమ్ సి-హ్యోన్ 694 పాయింట్లు సాధించి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. బాణానికి సగటు 9.64. అదే రౌండులో మన విజయవాడ యువకుడు బొమ్మదేవర ధీరజ్ 681 సాధించి పురుషులలో నాలుగో స్థానంలో నిలిచాడు. సగటు 9.46. విజయవాడకే చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2017లో అర్జున అవార్డు అందుకుంది. 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో కాంపౌండ్ విభాగంలో మూడు బంగారు పతకాలు గెలిచింది. మీ సగటు ఈరోజు 6 అయితే, ఆరుకూ తొమ్మిదిన్నరకూ మధ్య ఎన్ని మెట్లు ఉన్నాయో ఇప్పుడు మీరే లెక్కవేయగలరు. దూరం, ముఖం కూడా చూసుకోవడం మరిచిపోకండి.

ఏకలవ్యుడి కథ మనందరికీ తెలుసు. అడవిలో ఒంటరిగా సాధన చేశాడు. అతని నేర్పు ఎవరికంటే ఎక్కువో తేలిన క్షణంలోనే బొటనవేలు పోయింది. ఎవరికంటే ఎక్కువ అని కాకుండా నిన్నటి కంటే ఎంత అని మాత్రమే అడిగే కొలత ఒకటి ఉండాలి. చౌల్దారీ అమ్మాయికైనా, మన ఇంటి పక్క పిల్లవాడికైనా బ్యాడ్జీ అందుకే.

మీరే చేసి చూడండి

1. ఒకే దూరం నుంచి 30 బాణాలు వేసి, ప్రతి బాణం విలువా రాయండి. మొదటి ఆరింటి సగటును, మొత్తం ముప్ఫై సగటును పోల్చండి.

2. మరో రోజు మళ్లీ వేయండి. రెండు రోజుల ఆరేసి బాణాల సగటుల మధ్య తేడా ఎక్కువా, ముప్ఫై బాణాల సగటుల మధ్య తేడా ఎక్కువా?

3. మీ స్కోరుకు బదులు మీరు పోగొట్టుకున్న పాయింట్లను నెల రోజులు నమోదు చేయండి. అవి ఎన్నో వంతు తగ్గాయో చూసి, మీ తరువాతి బ్యాడ్జీ మెట్టు ఎక్కడ ఉండాలో మీరే నిర్ణయించండి.